మా అత్త చిటికెనవేలు

మా అత్తకి రెండు కాళ్లకీ కలిపి తొమ్మిది వేళ్లే ఉన్నాయి. పదోది, ఎడమ కాలి చిటికెనవేలు, పోవడానికి కారణం నేను.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. రాశాక పెన్ను పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చాను. ఇన్నేళ్లు మోసిన బరువు కదా, దించేటప్పుడు కనీసం చప్పుడైనా అవుతుందనుకుంటాం. ఏమీ అవలేదు. వీధిలో ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు, అంతే.

పేరు అడక్కండి. ఊరు గజపతినగరానికి దగ్గర్లో అని మాత్రం చెబుతాను. అంతకు మించితే మా చుట్టాల్లో సగం మంది పోల్చేస్తారు. మాది వ్యవసాయం. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, నువ్వులు. రాగుల్ని మేం చోళ్లంటాం. నాకు నలభై మూడేళ్లు. మా అత్త తనకి అరవై ఎనిమిదంటుంది, ఆధార్ కార్డు డెబ్భై ఒకటంటుంది, ఆ తగువు ఈ జన్మలో తేలదు. మా ఇద్దరికీ సుగరుంది. ఆమెది ఊరందరికీ తెలిసిన సుగరు. నాది చాలాకాలం ఎవరికీ తెలియని సుగరు. అక్కడే వచ్చింది చిక్కంతా.

తప్పు ఒప్పుకుందామని నోటుబుక్కు తెరిచాను. కానీ రాయబోతే ముందు ఆమె మీద కృతజ్ఞతే పొంగుకొస్తోంది. తప్పు చేసినదానికి కృతజ్ఞత చెప్పుకునే హక్కు ఉంటుందా? నాకు తెలియదు. హక్కు లేకపోయినా అది వస్తూనే ఉంది, ఏం చెయ్యను?

మొదట్నుంచీ చెబుతాను.

మా కన్నవారిది నెల్లిమర్ల వైపు ఒక చిన్న ఊరు. మా అమ్మ సుగరుతో పోయింది. ముందు చూపు పోయింది, తర్వాత కిడ్నీలు పోయాయి, ఆఖరికి మనిషే పోయింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. తర్వాత ఐదారేళ్లకి తన కొడుక్కి నన్ను చూసుకోడానికి మా అత్త వచ్చింది. పెట్టుపోతల ఊసెత్తలేదు, వంట వచ్చా అని అడగలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీ వొంశంలో సుగరున్నాదేటి?" అని. ఆ ముందు ఏడాదే మా మావ కాలికి పుండు పడి, అది మానక, సుగరుతో పోయాడు. ఆయనకి మూడేళ్లు కట్లు కట్టిన మనిషి కాబట్టి ఆమెకి ఆ ప్రశ్న తప్ప ఇంకోటి తోచలేదు.

మా నాన్న గోడ మీది అమ్మ ఫొటో వైపు చూడకుండా, "నేదమ్మా, ఆవిడికి పచ్చకామెర్లు" అన్నాడు. తలుపు వెనక నేను విన్నాను. నోరు మెదపలేదు. ఆ అబద్ధం మా నాన్నది. కానీ దాన్ని సారెతో పాటు అత్తవారింటికి మోసుకొచ్చింది నేను.

పెళ్లయిన నాలుగో ఏట మా అత్తకే సుగరు బయటపడింది. దేవుడికి వేళాకోళం ఎక్కువని అప్పుడే నాకు తెలిసింది. ఊళ్లో ఆడవాళ్లు ఆటపట్టిస్తే తనూ కలిసి నవ్వింది. "ఊరందరి వొంశాలూ అడిగినాను గానీ, నా ఒంట్లోనే ఉన్నాదని నాకేటి తెల్సు?" అంది.

మా దగ్గరి ఆసుపత్రిలో నెలకోసారి మాత్రలిచ్చేవారు. అట్టల్ని కత్తిరించి, విడి మాత్రలు కాగితం కవర్లలో పోసి ఇచ్చేవారు. సుగరుకి పెద్ద తెల్లబిళ్ల, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బీపీకి చిన్న బిళ్ల. మా అత్తకి చదువు రాదు. పెద్దది, చిన్నది, అంతే ఆమెకి గుర్తు. అందుకని మాత్రల పెత్తనం నాకొచ్చింది. పాత పోపులపెట్టె ఒకటి కడిగి ఆరబెట్టి, ఆవాల గిన్నెలో పొద్దుటివి, జీలకర్ర గిన్నెలో సాయంత్రంవి పోసి, పూటపూటకీ తీసి ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఎన్నిసార్లు కడిగినా మాత్రలకి మెంతుల వాసన వచ్చేది. "మా కోడలు పది సదివినాది, అన్నీ అదే సూసుకుంటాది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అలా చెప్పుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది. నిజంగానే జాగ్రత్తగా చూసేదాన్ని. ఆ రోజులు కూడా ఉన్నాయని మీరు నమ్మాలి.

తర్వాత రెండో కాన్పుకి కన్నవారింటికి వెళ్లాను. అక్కడ రక్తం పరీక్ష చేసి, సుగరు వచ్చిందమ్మా అన్నారు. కాన్పయ్యాక చాలామందికి పోతుంది, అయినా ఆరు వారాలకి మళ్లీ చూపించుకో, అమ్మకుంది కాబట్టి ఏటా చూపించుకుంటూనే ఉండు అని నర్సమ్మ మరీమరీ చెప్పింది. ఆవిడకి దండం పెట్టాలి, అంత ఓపిగ్గా చెప్పింది. నేను తల ఊపాను. ఆరు వారాలు గడిచాయి, ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. చూపించుకోకపోతే లేనట్టే కదా అనుకున్నాను. బిందెడు నీళ్లు తాగినా తీరని దాహం. ఒళ్లు గుల్లయిపోయినట్టు నీరసం. పిల్లలకి స్కూలు బట్టలు కొనడానికి విజయనగరం వెళ్లినప్పుడు ఒక ల్యాబులో రక్తం పరీక్షకి వేలిచ్చాను. రెండొందల డెబ్భై అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని ముక్కలు చేసి తిరుగు బస్సు కిటికీలోంచి వదిలేశాను.

ఎందుకు చెప్పలేదు? అత్తకే ఉంది కదా, ఇంట్లో కొత్త రోగమేం కాదు కదా? ఈ ప్రశ్న నన్ను నేను కొన్ని వేలసార్లు వేసుకున్నాను. రోగానికి కాదు నేను భయపడింది. "మరి మీయమ్మది ఏటి?" అని ఆమె అడుగుతుంది, అడిగితే పచ్చకామెర్ల అబద్ధం బయటపడుతుంది, మోసం చేసి పిల్లనిచ్చారంటారు, చచ్చిపోయిన మా నాన్న పరువు పోతుంది, పది చదివిన కోడలు కాస్తా అబద్ధాలింటి పిల్లవుతుంది. అదీ భయం. మాత్రలు బయట కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనుక్కోవచ్చు. గజపతినగరం మందుల కొట్టతను మా ఆయన స్నేహితుడు, అక్కడ కుదరదు. కానీ విజయనగరంలో వంద కొట్లున్నాయి. నిజం చెప్పమంటే, వెళ్లడం కష్టం, పోపులపెట్టె చేతిలో ఉంది. అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. ఉంటే బాగుండేది.

కాన్పు తర్వాత నాకిచ్చిన కాల్షియం మాత్రలు వేసుకోకుండా దాచినవి ఉన్నాయి. అవీ తెల్లవే, పెద్దవే. ఒకరోజు సాయంత్రం జీలకర్ర గిన్నెలోంచి మా అత్త మాత్ర తీసి కొంగున ముడేసుకుని, కాల్షియం మాత్ర ఆమె చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు నాకిచ్చింది. ఏమీ తెలియలేదు. ఒక్కరోజే కదా అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

తొమ్మిది నెలలు. సాయంత్రం ఆమెకి కాల్షియం, నాకు ఆమె మాత్ర. దాచినవి అయిపోతే ఆశా కార్యకర్త దగ్గరికి వెళ్లి, నడుం నొప్పి అని చెప్పి ఇంకో నాలుగట్టలు తెచ్చుకున్నాను. పండగల్లో, పిండివంటలు ఎక్కువ తిన్న రోజుల్లో, నాకు భయమేసి పొద్దుటిది కూడా నేనే వేసుకునేదాన్ని. కంచే చేను మేసిందంటారే, ఆ కంచెని నేనే. నా దాహం తగ్గింది. ముఖంలో కళ వచ్చిందని మా ఆయన అన్నాడు. మా అత్త చిక్కిపోవడం మొదలుపెట్టింది. నాకు కనపడలేదా? కనపడింది. రోజూ కనపడింది.

నెలవారీ పరీక్షలో ఆమె సుగరు అమాంతం పెరిగిపోయింది. డాక్టరుగారు మా వైపు తిరిగి, మాత్రలు సరిగ్గా వేస్తున్నారా అని అడిగారు. మా ఆయన నా వైపు చూశాడు. "వేస్తున్నానండి, నా చేత్తోనే ఇస్తున్నాను" అన్నాను. ఇందులో అబద్ధమేముంది, నా చేత్తోనే కదా. మరి తీపేమైనా తింటున్నారా అన్నారు డాక్టరుగారు. అప్పుడు నేనన్న మాట మాత్రల దొంగతనం కంటే పెద్దది. పది రోజుల కిందటే ఊళ్లో అమ్మవారి పండగ అయింది. అమ్మవారికి చలివిడి పెట్టి అందరికీ పంచారు. మా అత్త కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంది. చిటికెడే, నా కళ్లతో నేను చూశాను. "చలివిడి తిన్నారండి. ఒకటీ అరా కాదు, గిన్నెడు" అన్నాను.

మా ఆయన ఆసుపత్రిలోనే తల్లి మీద కేకలేశాడు. ఆమె నా వైపు చూసింది. ఆశ్చర్యంగా చూసింది, అంతే. కోపం లేదు. "తినీసినానేమో బాబూ, అమ్మోరి పెసాదం కదా, సెయ్యి ఆగనేదేమో" అంది. పది చదివిన కోడలు అబద్ధమాడదని ఆమె నమ్మకం. నా మాట తప్పవడం కంటే తన జ్ఞాపకం తప్పవడం ఆమెకి తేలిగ్గా తోచింది.

అప్పుడైనా ఆపానా? లేదు. డాక్టరుగారు మాత్రలు పెంచారు కదా, ఒకటి నేను తీసుకున్నా ఫర్వాలేదనుకున్నాను. చూశారా, మనసు ఎంత బాగా లెక్కలు చెబుతుందో.

వరికోతలప్పుడు చేలో మోడు గుచ్చుకుంది ఆమె కాలికి. ఆమెకి తెలియలేదు, అప్పటికే పాదాలు మొద్దుబారాయి. నాలుగు రోజుల తర్వాత నేను వాకిలి తుడుస్తూ, గచ్చు మీద ఏదో తడి మరక అంటుకుందని ఒంగి చూస్తే ఆమె అడుగుల వెంట ఉంది. వేలు నల్లబడింది. ఆటోలో విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. చిటికెనవేలు తీసేస్తే పాదం దక్కుతుంది, ఆలస్యం చేస్తే పాదమూ పోతుందన్నారు. తీసేశారు. వాళ్లు పాదం దక్కించారు, ఆ ఋణం వేరే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఒళ్లో పోపులపెట్టె ఉంది. అలవాటు చొప్పున పట్టుకెళ్లాను. ఆమె కళ్లు తెరిచి కట్టు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. నేను ఏడుస్తున్నాను.

"ఏటే, ఏలు నాది పోతే ఏడుపు నీదా?" అంది.

"అత్తా, తప్పు నాదే" అన్నాను. నిజంగా అన్నాను. ఆ మూడు మాటలూ నా నోట్లోంచి వచ్చాయి.

"నీదేటి తప్పు? సలివిడి నువ్వు తినిపించీసినావేటి? నా నోరు ఊరుకోనేదు, నాను అనుభవించినాను. నువ్వు నేకపోతే ఎవులిస్తారే నాకు పూటపూటకీ మందులు? నాను ఎప్పుడో మీ మావకాడికి ఎల్లిపోదును. నీ సేతి బిళ్లే నన్ను బతికించినాది." అని, కాసేపు ఊపిరి పీల్చుకుని, "సాయంత్రం బిళ్ల తెచ్చినావా మరి?" అని అరచెయ్యి చాపింది.

అక్కడ ఇంకొక్క మాట చెప్పాలి నేను. ఒక్కటే మాట. నాలిక చివరికి వచ్చింది. పక్క మంచం దగ్గర ఎవరో నవ్వారు, కింద తోపుడు బండి చక్రం కీచుమంది, ఆమె చెయ్యి అలా చాపుకునే ఉంది. నేను పెట్టె తెరిచి అసలు మాత్ర తీసి ఆ చేతిలో పెట్టాను. ఆ క్షణం దాటిపోయింది. పన్నెండేళ్లలో మళ్లీ ఆ మాట అంత దగ్గరికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆమె మాత్ర ఒక్కటి కూడా నేను వేసుకోలేదు. రెండు నెలల్లో ఆమె సుగరు అదుపులోకి వచ్చింది. "చూశావా, నోరు కట్టుకుంటే ఎలా తగ్గిందో" అని డాక్టరుగారు మెచ్చుకున్నారు. ఆమె పొంగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నేను పక్కన నిలబడ్డాను.

నేను మాత్రం ఏ మందూ లేకుండా ఆరు నెలలు గడిపాను. శిక్ష వేసుకుంటున్నాననుకున్నాను. ఇద్దరు పిల్లల తల్లి అలా శిక్ష వేసుకుంటే ఎవరికి పడుతుందో ఆలోచించలేదు. ఒకరోజు ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూ, ముప్పై దాటినవాళ్లందరికీ వేలి మీద పొడిచి చూస్తూ మా అరుగు మీదికి వచ్చింది. మా అత్త అక్కడే కూర్చుని చోళ్లు చెరుగుతోంది. తప్పించుకోబోతే, "ఇయ్యే ఏలు, సీమ కుట్టినట్టుంటాది, అంతే" అని ఆమే నా చెయ్యి పట్టి లాగింది. మిషన్ మీద అంకె చూసి ఆశా కార్యకర్త ఇంకోసారి పొడిచింది. అదే అంకె.

మా అత్త చాట పక్కన పెట్టింది. ఆశా వెళ్లేదాకా ఆగి, "మీయమ్మదీ ఇదేనేటే?" అంది. నేను తల ఊపాను. పైకప్పు విరిగి నా మీద పడుతుందని ఎదురుచూశాను. పదమూడేళ్లుగా ఎదురుచూసిన పైకప్పు అది.

"అప్పుడు సెప్పుంటే పెల్లి మానీసుందును, నిజమే" అంది. ఆలోచించి, "మానీసుంటే నువ్వు నాకు వొచ్చుండవు. మీ నాయిన అబద్దమాడి మంచి పనే సేసినాడు. లెగు, ఏటి కూకున్నావు? రేపట్నించి నాతోటి నడవాల" అని చాట మళ్లీ అందుకుంది.

ఇంతేనా? నేను భయపడిందంతా ఈ రెండు మాటలకా? వీటిని తప్పించుకోవడానికా ఒక మనిషి వేలు పోగొట్టాను? ఆ సాయంత్రం దొడ్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆమె సుగరు వచ్చినందుకు ఏడుస్తున్నాననుకుంది.

మర్నాటి నుంచి నన్ను తన చేతుల్లోకి తీసుకుంది. ఇప్పటిదాకా వదల్లేదు. ఈ పన్నెండేళ్లలో నా చూపు చెడలేదు, కిడ్నీలు బాగున్నాయి, మూడు నెలల సగటు చూసే పరీక్ష చాలావరకు చెప్పినచోటే ఉంటోంది. మా అమ్మ పోయిన వయసు దాటి నాలుగేళ్లయింది నాకు. డాక్టరు మందులిచ్చారు, నిజమే. కానీ ఆ మందుల్ని పన్నెండేళ్లు రోజూ పనిచేయించింది మా అత్త. తెల్లారేసరికి గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడేది. వేలు లేని కాలు కాస్త పక్కకి వేస్తూ, రైలు గేటు దాకా నడిపించి వెనక్కి తెచ్చేది. వర్షం పడితే ఇంట్లోనే, గుమ్మం నుంచి దొడ్డి దాకా యాభైసార్లు. పొద్దున చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం గిద్దెడు బియ్యానిదే, కూర దానికి రెట్టింపు. "అన్నం నంజుకోవాల, కూర తినాల" అనేది. నేను మారు వడ్డించుకోబోతే గరిటె మీద తన గరిటె అడ్డం పెట్టేది. అత్తాకోడళ్లు గరిటెలతో కొట్టుకుంటున్నారని మా పిల్లలు నవ్వేవారు. ఇంట్లో కూడా చెప్పులు విప్పనిచ్చేది కాదు. చెప్పులేసుకుని వంటింట్లో తిరుగుతున్నామని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "ముక్కున ఏలేసుకుంటే ఏసుకోనీ, కాలి ఏలు పోతే తెల్స్తాది" అని వాళ్ల ముఖం మీదే అనేసేది. ఏడాదికోసారి కళ్ల పరీక్షకి నన్ను బస్సెక్కించడం కూడా ఆమె పనే.

ఇంకొకటుంది. అన్నిటికంటే రాయడానికి కష్టమైంది అదే. మా వైపు కోడలు అత్త కాళ్లకి పసుపు రాస్తుంది గానీ, అత్త కోడలి కాలు ముట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆమె మొదటిరోజు సాయంత్రమే అరుగు మీద చతికిలబడి, "కాలిలాగియ్యి" అంది. నేను వెనక్కి లాక్కున్నాను. "సిగ్గుపడితే ఏలు నిలస్తాదేటి? మీ మావ కాలు రోజూ సూసుంటే బతుకుండును. నా కాలు నాను సూసుకుంటే ఏలుండును. నీదైనా సూడనీ" అని బలవంతంగా నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. మా ఆయన గెడ్డం గీసుకునే అద్దం అడుగున పెట్టి, వేళ్ల సందులన్నీ విడదీసి, పగుళ్లున్నాయా, పొక్కులున్నాయా అని చూసింది. అప్పటి నుంచి రోజూ అంతే. ముందు నా కాళ్లు ఆమె చూస్తుంది, తర్వాత ఆమె కాళ్లు నేను చూస్తాను. నేను తీసేసిన వేలు ఉండాల్సిన చోట నున్నటి మచ్చ ఉంటుంది. రోజూ దాన్ని నా చేత్తో తుడిచి నూనె రాస్తాను.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఈ వయసులో ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదంటే, అది ఇంకో అబద్ధం. ఆమె నా వైపు ఇప్పుడు చూస్తున్నట్టు మళ్లీ ఎప్పుడూ చూడదేమోనని చెప్పలేదు. ఒకవేళ చెప్పినా క్షమించేస్తుందేమోనన్న భయం కూడా ఉంది. ఎందుకంటే ఆమె అలాంటిదే. క్షమిస్తే నేను దాన్ని తీసుకుని హాయిగా నిద్రపోతాను. అంత చవగ్గా దొరకకూడదనిపిస్తుంది. ఇదీ పిరికితనమేనా? కావచ్చు. పిరికితనం ఎన్ని బట్టలు మార్చుకొస్తుందో నాకంటే తెలిసినవాళ్లు తక్కువ.

చేతనైంది కొంత చేశాను. పోపులపెట్టె తీసేశాను. మాత్రలు అట్టల్లోనే తీసుకుంటాం, ఆమె ముందే చించి ఇస్తాను. అట్ట మీద పేరులో మొదటి అక్షరం ఆమెకి నేర్పించాను. ఊళ్లో సుగరు కొత్తగా వచ్చినవాళ్లు మా ఇద్దరి దగ్గరికీ వస్తుంటారు. "మీ మందు ఎవరి చేతికీ ఇవ్వకండి, కూతురైనా సరే, కోడలైనా సరే" అంటాను. ఎందుకలా అంటానో వాళ్లకి తెలియదు. రక్తం పంచుకున్నవాళ్లకి ఉంటే ముందే పరీక్ష చేయించుకోండి, దాచుకోకండి అని కూడా అంటాను. మా అమ్మాయికి ఆరో తరగతి నుంచే చెప్పాను, మన ఇంట్లో ఉంది, జాగ్రత్తగా ఉండాలని.

ఒక్కటి మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. ఆ రోజు తర్వాత మా అత్త ప్రసాదం తినలేదు. అమ్మవారి చలివిడి గానీ, రామతీర్థంలో పెట్టే చక్కెరపొంగలి గానీ, కళ్లకద్దుకుని పక్కనున్న పిల్లల చేతిలో పెట్టేస్తుంది. చిటికెడు తినొచ్చత్తా, డాక్టరుగారే అన్నారు, చిటికెడుకేమీ కాదు, అప్పుడు కూడా దానివల్ల కాలేదు అని ఎన్నోసార్లు అన్నాను. దానివల్ల కాకపోతే దేనివల్లో చెప్పకుండా. "వొద్దే, ఓపాలి తిని ఏలిచ్చీసినాను. అమ్మోరికి నామీద కోపం" అంటుంది. వేలు తీసుకున్నాననుకున్నాను గానీ, ఆమెకి అమ్మవారితో ఉన్న చనువు కూడా తీసేసుకున్నాను. అది ఏ డాక్టరూ చూడని నష్టం.

నిన్న సాయంత్రం కూడా అరుగు మీద కూర్చున్నాం. ఈమధ్య ఆమెకి చూపు మందగించింది. అద్దం పక్కన పెట్టేసి చేత్తోనే తడిమి చూస్తోంది. నా పాదం ఒళ్లో పెట్టుకుని, మడమ నుంచి మొదలుపెట్టి, ఒక్కో వేలూ పట్టుకుని, చిన్నపిల్లకి నేర్పినట్టు పైకి లెక్కపెట్టింది. ఒక కాలు అయ్యాక రెండోది. చివరి చిటికెనవేలు పట్టుకుని ఊపుతూ నవ్వింది.

"పది. సూసుకోయే. ఒక్కటీ పోనివ్వనేదు నాను."

నేను పాదం వెనక్కి తీసుకోలేకపోయాను, అక్కడే ఉంచలేకపోయాను. "నీ వల్లే అత్తా" అన్నాను. ఇన్నేళ్లలో ఆమెతో నేనన్న నూటికి నూరుపాళ్లు నిజమైన మాట అదొక్కటేనేమో.

తర్వాత నా వంతు వచ్చింది. ఆమె కాలు ఒళ్లోకి తీసుకుని, ఆమె లెక్కపెట్టినట్టే పైకి లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగాను. ఆమె నవ్వుతూనే ఉంది, ఎప్పుడూ ఆగేది అక్కడే కదా. పదోదాని సంగతి ఆమెకి చెప్పలేక ఇవాళ మీకు చెప్పాను.